షికాగో మేయర్ రిచర్డ్ డేలీ: మంచిచెడ్డలు

రిచర్డ్ జె. డేలీ 1955 ఏప్రిల్ 20న షికాగో మేయరుగా ప్రమాణం చేశాడు. వరసగా ఆరుసార్లు గెలిచి, 1976 డిసెంబర్ 20న పదవిలో ఉండగానే గుండెపోటుతో చనిపోయాడు. ఆ ఇరవై ఒక్క ఏళ్లలో అమెరికాలోని పాత పారిశ్రామిక నగరాలు చాలావరకు చితికిపోయాయి. డెట్రాయిట్, క్లీవ్‌లాండ్ కుంగిపోయాయి. న్యూయార్క్ 1975లో దివాలా అంచుదాకా వెళ్లింది. షికాగో మాత్రం జీతాలు ఇస్తూ, అప్పులు తీరుస్తూ, ఆకాశహర్మ్యాలు కడుతూ నిలబడింది. 1993లో అమెరికా చరిత్రకారులు, రాజనీతి పండితుల అభిప్రాయాలు సేకరిస్తే, ఆ దేశపు మేయర్లందరిలో డేలీకి ఆరో స్థానం దక్కింది. అయితే అదే నగరపు దక్షిణ, పశ్చిమ పేటల్లోని నల్లజాతి కుటుంబాలకు ఆ ఇరవై ఏళ్లు ఇరుకు ఇళ్లు, కిక్కిరిసిన బడులు, పోలీసు లాఠీలు మిగిల్చాయి. అతని మంచిని, చెడును వేర్వేరు పద్దుల్లో రాసి కూడికలు, తీసివేతలు వేస్తే లెక్క తేలదు. రెండూ ఒకే అధికారం నుంచి పుట్టాయి. కాబట్టి ముందు ఆ అధికారం ఎలా తయారైందో చూడాలి.

డేలీ 1902లో షికాగో దక్షిణ భాగంలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో పుట్టాడు. ఐరిష్ కాథలిక్ శ్రామిక కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట అది. తండ్రి రేకుల పని చేసేవాడు. డేలీ ఒక్కడే సంతానం. దేశమంతటికీ మాంసం పంపే పశువుల సంతలు, కబేళాలు ఆ పేటకు దగ్గర్లోనే ఉండేవి. కుర్రతనంలో అక్కడే పని చేస్తూ, డీపాల్ విశ్వవిద్యాలయంలో రాత్రి తరగతులకు వెళ్లి, ఏళ్ల తరబడి చదివి న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నాడు. మేయరయ్యాక కూడా పుట్టిన పేట వదల్లేదు. సౌత్ లోవ్ వీధిలోని మామూలు ఇటుకల ఇంట్లోనే భార్యతో, ఏడుగురు పిల్లలతో కాపురం ఉన్నాడు. రోజూ ప్రార్థనకు చర్చికి వెళ్లేవాడు. అతని మీద బతికుండగా లెక్కలేనన్ని ఆరోపణలు వచ్చినా, సొంతానికి నగర సొమ్ము తిన్నాడన్న అభియోగం మాత్రం ఏ కోర్టులోనూ నమోదు కాలేదు.

ఆ పేటకు ఇంకో ముఖం కూడా ఉంది. 1919 జూలై 27న మిషిగన్ సరస్సు ఒడ్డున, తెల్లవారు తమదని అనుకునే ఒడ్డు వైపు తేలుతూ వెళ్లిన ఒక నల్లజాతి కుర్రాడిపై రాళ్లు పడ్డాయి. అతను మునిగి చనిపోయాడు. ఆ తర్వాత చెలరేగిన జాతి హింసలో 38 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో 23 మంది నల్లజాతివారు, 15 మంది తెల్లవారు. ఆ దాడుల్లో ముందున్నవని విచారణ సంఘం పేర్కొన్న యువజన క్లబ్బుల్లో బ్రిడ్జ్‌పోర్ట్‌లోని హాంబర్గ్ క్లబ్ ఒకటి. అప్పటికి పదిహేడేళ్ల డేలీ ఆ క్లబ్ సభ్యుడు. 1924లో దానికి అధ్యక్షుడయ్యాడు. 1919లో తాను ఏం చేశాడో, ఎక్కడున్నాడో అతను ఎన్నడూ చెప్పలేదు. దాన్నిబట్టి అతన్ని దోషి అనడానికి వీల్లేదు. కానీ పేటల మధ్య గీతలు ఎక్కడుంటాయో, వాటిని దాటితే ఏమవుతుందో చిన్ననాటి నుంచే ఎరిగిన మనిషి అతను.

రాజకీయాల్లో డేలీ మెట్టు మెట్టుగా ఎక్కాడు. 1936లో రాష్ట్ర శాసనసభకు, 1938లో రాష్ట్ర సెనేట్‌కు వెళ్లాడు. 1946లో కౌంటీ షెరిఫ్ పదవికి నిలబడి ఓడిపోయాడు. జీవితంలో అతను ఓడిన ఎన్నిక అదొక్కటే. రాష్ట్ర రెవెన్యూ శాఖకు అధిపతిగా, తర్వాత కౌంటీ క్లర్కుగా పనిచేయడంతో పన్నుల లెక్కలు, బడ్జెట్ కిటుకులు కొట్టినపిండి అయ్యాయి. 1953లో, షికాగో ఉన్న కుక్ కౌంటీలో డెమోక్రటిక్ పార్టీ అధ్యక్షుడయ్యాడు. రెండేళ్లకు సొంత పార్టీకే చెందిన మేయర్ మార్టిన్ కెన్నెలీని పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో ఓడించి, ఆపై రిపబ్లికన్ అభ్యర్థి రాబర్ట్ మెరియంను లక్షా పాతిక వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచాడు. మేయరయ్యాక పార్టీ పదవి వదులుకుంటానన్న మాట ఎన్నికల నాడు వినిపించింది. గెలిచాక వదులుకోలేదు. అతని బలానికి మూలం అక్కడే ఉంది.

చట్టం ప్రకారం షికాగో మేయరుది బలహీనమైన పదవి. మన హైదరాబాద్, విజయవాడ నగరపాలక సంస్థల్లో పాలనాధికారం కమిషనర్ చేతిలో ఉన్నట్టే, షికాగోలో కాగితం మీద అధికారమంతా నగర కౌన్సిల్‌ది. యాభై వార్డులు, యాభై మంది సభ్యులు. ఆ సభ్యులను అప్పట్లో ఆల్డర్‌మెన్ అనేవారు. అయితే వారిలో అత్యధికులకు టికెట్ ఇచ్చేది పార్టీ. ఆ పార్టీ అధ్యక్షుడే మేయర్ కూడా కావడంతో కౌన్సిల్ అతని మాట జవదాటే పరిస్థితి లేకుండా పోయింది. పదవిలోకి వచ్చిన కొద్దికాలానికే బడ్జెట్ తయారీని కౌన్సిల్ ఆర్థిక సంఘం నుంచి తన కార్యాలయానికి మార్పించుకున్నాడు. ఇంటి ముందు కారు దారి వేసుకోవడానికి అనుమతి ఇచ్చే అధికారం అంతవరకు ఆల్డర్‌మన్‌ది. ఆ సంతకానికి చేయి తడపడం మామూలుగా జరిగేది. డేలీ దాన్నీ వారి చేతుల్లోంచి తీసేశాడు. లంచాలకు ఒక దారి మూసుకుపోయింది. అదే దెబ్బకు ఆల్డర్‌మన్ చేతిలోని స్వతంత్రమైన బలమూ పోయింది. డేలీ చేసిన సంస్కరణల్లో చాలావాటికి ఈ రెండు వైపులూ ఉన్నాయి.

పార్టీ యంత్రాంగం పనిచేసిన తీరు చూడదగ్గది. ఒక్కో వార్డును చిన్న చిన్న పోలింగ్ ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక కెప్టెన్‌ను పెట్టేవారు. నాలుగైదు వందల మంది ఓటర్లు అతని బాధ్యత. అతను సాధారణంగా నగరంలోనో కౌంటీలోనో ఉద్యోగి. పగలు పారిశుధ్య శాఖలో పని, సాయంత్రం ఇంటింటికీ తిరగడం. ఫలానా ఇంటి ముందు చెట్టు కొమ్మ తీగలకు తగులుతోంది, ఫలానావారికి చెత్త డబ్బా రాలేదు, ఫలానా వీధి దీపం వెలగడం లేదు, ఒకరి కొడుక్కి చిన్న కేసు, ఇంకొకరి తల్లిని కౌంటీ ఆసుపత్రిలో చేర్చాలి. ఇవన్నీ అతను రాసుకుని వార్డు కార్యాలయంలో చెప్పేవాడు. పని జరిగేది. ఎన్నికల రోజున ఆ ఇళ్లవారు అతని మొహం చూసి ఓటేసేవారు. తన ప్రాంతంలో ఎన్ని ఓట్లు వస్తాయో ముందే అంకె చెప్పాలి. అంకె తప్పితే పదవి, ఒక్కోసారి ఉద్యోగం కూడా పోయేది. ఈ విధంగా పార్టీ చేతిలో ఉన్న కొలువులు ముప్పై అయిదు, నలభై వేల దాకా ఉండేవని అంచనా. చిన్న ఉద్యోగాల నియామకాల జాబితాలు కూడా డేలీ స్వయంగా చూసేవాడు.

ఈ ఏర్పాటును ఒట్టి అవినీతిగా కొట్టిపారేయడం సరికాదు. ఇంగ్లీషు సరిగా రాని పోలిష్, ఇటాలియన్, లిథువేనియన్ కుటుంబాలకు ప్రభుత్వం అంటే ఆ కెప్టెనే. గుమాస్తాల చుట్టూ తిరిగే పని లేకుండా పేదవాడికి పని జరిగింది. అయితే అతనికి హక్కుగా రావాల్సిన దీపం, రోడ్డు, ఆసుపత్రి మంచం పార్టీ దయగా అందాయి. ఓటెయ్యని ఇంటికి అంత త్వరగా అందేవి కావు. ప్రజలకు చేసిన ఈ అన్యాయం కంటికి కనబడేది కాదు కాబట్టి లెక్కల్లోకి ఎక్కడం తక్కువ.

1960 అధ్యక్ష ఎన్నికతో డేలీ పేరు దేశమంతా మార్మోగింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో జాన్ కెనెడీ కేవలం 8,858 ఓట్లతో నెగ్గాడు. షికాగో ఒక్కటే అతనికి సుమారు నాలుగున్నర లక్షల ఆధిక్యం ఇచ్చింది. దొంగ ఓట్లు పడ్డాయన్న ఆరోపణ అప్పుడే పుట్టింది, ఇప్పటికీ పోలేదు. కొన్ని బూత్‌లలో అక్రమాలు జరిగిన మాట నిజమే. అయితే డేలీ దొంగ ఓట్లతోనే కెనెడీ అధ్యక్షుడయ్యాడనే కథకు లెక్క ఒప్పుకోదు. ఇల్లినాయ్ 27 ఎలక్టోరల్ ఓట్లు తీసేసినా కెనెడీకి 276 మిగులుతాయి. అప్పుడు కావలసింది 269.

అదే ఏడాది జనవరిలో సమర్‌డేల్ స్టేషన్ పోలీసులు ఎనిమిది మంది ఒక దొంగతో చేతులు కలిపి దుకాణాలు దోచారని బయటపడింది. కంచే చేను మేసిన ఈ ఉదంతంతో డేలీ ప్రతిష్ఠ దెబ్బతింది. అతను తన మనుషుల్లోంచి ఒకరిని తెచ్చి పెట్టి ఊరుకోలేదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో నేరశాస్త్ర ఆచార్యుడుగా ఉన్న ఓ. డబ్ల్యు. విల్సన్‌ను పోలీసు అధిపతిగా పిలిపించి, శాఖను అతని చేతుల్లో పెట్టాడు. విల్సన్ రేడియో వ్యవస్థను ఆధునికం చేశాడు, పదోన్నతుల్లో ఆల్డర్‌మెన్ జోక్యాన్ని తగ్గించాడు. ముంచుకొచ్చిన ప్రమాదాన్ని సమర్థుడి చేతికి అప్పగించగల తెలివి డేలీకి ఉందనడానికి ఇది మంచి నిదర్శనం. ఆ తెలివిని జాతి సమస్యలో కూడా చూపి ఉంటే షికాగో చరిత్ర వేరుగా ఉండేది.

కట్టడాల విషయంలో అతని పేరు చెరగదు. ఓహేర్ విమానాశ్రయం నగరానికి దూరంగా, నగర హద్దులకు వెలుపల ఉండేది. 1956లో దారి వెంట సన్నని భూమి పట్టీని నగరంలో కలుపుకుని, విమానాశ్రయాన్ని షికాగో పరిధిలోకి తెచ్చారు. విస్తరణకు కావలసిన డబ్బు పన్నుల నుంచి తీయకుండా, విమాన సంస్థలు చెల్లించే రుసుముల హామీతో బాండ్లు జారీ చేశారు. ఆ ఒప్పందం కుదిర్చింది డేలీయే. 1963 మార్చిలో కెనెడీ వచ్చి దాన్ని జాతికి అంకితం చేశాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు ప్రపంచంలో అత్యంత రద్దీగల విమానాశ్రయం అదే. అమెరికా మధ్య ప్రాంతానికి చదువుకో, ఉద్యోగానికో వెళ్లే తెలుగువారిలో ఎందరో మొదట కాలు పెట్టేది అక్కడే. సరస్సు నీటిని శుద్ధి చేసే భారీ కేంద్రం 1964లో పని మొదలుపెట్టింది. అప్పట్లో ప్రపంచంలో అంత పెద్దది లేదు. ఎక్స్‌ప్రెస్‌వేల మధ్యలోనే రైలు పట్టాలు వేయించడం ఇంకో మంచి పని. ఒకే దారిలో కార్లూ, రైళ్లూ నడిచే ఆ ఏర్పాటును తర్వాత చాలా నగరాలు అనుసరించాయి.

నడిబొడ్డు ప్రాంతాన్ని డేలీ పట్టుబట్టి బతికించాడు. మాంద్యం, యుద్ధం మూలంగా రెండు దశాబ్దాలు అక్కడ పెద్ద భవనం లేవలేదు. అతని హయాంలో మరీనా సిటీ, నూరంతస్తుల జాన్ హాంకాక్ భవనం, 1973లో నూట పది అంతస్తుల సియర్స్ టవర్ లేచాయి. చివరి రెంటికీ నిర్మాణ ఇంజినీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రెహమాన్ ఖాన్. వ్యాపారులు ఎక్కువమంది రిపబ్లికన్లే అయినా డేలీని బలపరిచారు. అనుమతులు చకచకా వచ్చేవి, భవన కార్మిక సంఘాలు సమ్మె చేసేవి కావు. సంఘాల నాయకులతో అతని ఒప్పందాలు చాలావరకు నోటి మాట మీద, చేయి కలపడంతో తేలిపోయేవి. ప్రైవేటు రంగంలో ఇచ్చే కూలే నగరమూ ఇచ్చేది. అయితే ఆ సంఘాలు నల్లజాతి యువకులను దాదాపుగా చేర్చుకునేవి కావు. 1969లో వారు నిర్మాణ స్థలాలను స్తంభింపజేసి పోరాడేదాకా ఈ సంగతి నగర పాలకులకు పట్టలేదు.

ఆర్థిక నిర్వహణలో డేలీకి వచ్చిన కీర్తిలో సగం న్యాయమైనది. అతనికి అంకెలు తెలుసు. దుబారా చేసేవాడు కాదు, బాండ్లు కొనేవారికి అతని మీద గురి ఉండేది. మిగతా సగం ఏర్పాటులోని వెసులుబాటు. న్యూయార్క్ నగరం బడులూ, ఆసుపత్రులూ, పేదల సహాయమూ తన బడ్జెట్‌లోనే మోసింది. షికాగోలో బడులకు వేరే బోర్డు, రవాణాకు వేరే సంస్థ, పార్కులకు వేరే జిల్లా, ఆసుపత్రి కౌంటీది, పేదల సహాయంలో పెద్ద భారం రాష్ట్రానిది. బడుల బోర్డులో సమ్మె వచ్చినప్పుడల్లా డేలీ మధ్యవర్తిగా కూర్చుని, ఉపాధ్యాయులకు జీతాలు పెంచి రాజీ చేసేవాడు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తర్వాత చూసుకోవచ్చనేవారు. అతను పోయిన మూడేళ్లకే, 1979లో, బడుల బోర్డు చేతిలో డబ్బులేక కూలబడింది.

ఇక అతని పాలనలోని చీకటి భాగం ఇళ్ల నుంచి మొదలవుతుంది. 1950లో నగర జనాభాలో నల్లజాతివారు నూటికి 14 మంది, 1970 నాటికి 33 మంది. దక్షిణాది నుంచి రైళ్లెక్కి వచ్చిన ఆ కుటుంబాలు సరిహద్దు గీసినట్టున్న రెండు మూడు ప్రాంతాల్లోనే కుక్కుకుని ఉండాల్సి వచ్చింది. 1947 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ప్రభుత్వ గృహాలకు స్థలం ఎంపిక చేయాలంటే నగర కౌన్సిల్ ఆమోదం కావాలి. తెల్లవారి వార్డుల ఆల్డర్‌మెన్ తమ వైపు ఒక్క ఇటుక పడనివ్వలేదు. గృహ నిర్మాణ సంస్థకు అధ్యక్షుడైన రాబర్ట్ టేలర్ అనే నల్లజాతి పెద్దమనిషి, ఇళ్లను నగరమంతటా పంచాలని కోరి, సాగక 1950లో రాజీనామా చేశాడు. డేలీ ఆ పద్ధతిని పుట్టించలేదు. కౌన్సిల్ మొత్తం తన గుప్పిట్లో ఉన్నా మార్చలేదు.

1962లో పూర్తయిన గృహ సముదాయానికి ఆ రాబర్ట్ టేలర్ పేరే పెట్టారు. స్టేట్ స్ట్రీట్ పొడవునా రెండు మైళ్ల మేర 28 భవనాలు, ఒక్కోటి 16 అంతస్తులు, మొత్తం 4,400 ఇళ్లు. ఒక దశలో అక్కడ 27 వేల మంది ఉండేవారు. వారిలో సుమారు 20 వేల మంది పిల్లలు. ఇళ్లకు ముందు బయటికి తెరిచి ఉన్న వరండాలు, వాటికి కింది నుంచి పైదాకా ఇనుప వల. వందలాది పిల్లలు రోజంతా ఎక్కి దిగే లిఫ్టులు తరచూ పాడయ్యేవి. పదిహేనో అంతస్తులో వంట చేసుకునే తల్లికి కింద ఆడుకునే పిల్లవాడు కనబడడు, పిలిస్తే వినబడడు. అంతమంది పిల్లలను కనిపెట్టుకుని ఉండడానికి సరిపడా పెద్దలు లేకపోవడమే ఆ కట్టడాల పతనానికి ముఖ్య కారణమని తర్వాతి పరిశోధకులు తేల్చారు. డేలీ పక్షాన ఒక మాట చెప్పాలి. 1959లో అతను వాషింగ్టన్ వెళ్లి, తక్కువ అంతస్తుల ఇళ్లు కట్టుకునేలా ఖర్చు పరిమితి పెంచమని అడిగాడు. కేంద్రం ఒప్పుకోలేదు. ఎత్తు విషయంలో తప్పు పూర్తిగా అతనిది కాదు. చోటు విషయంలో తప్పు మాత్రం అతనిదే. నల్లజాతి కుటుంబాలు గృహ సంస్థ మీద 1966లో వేసిన గాట్రో కేసులో, 1969లో ఫెడరల్ న్యాయమూర్తి రిచర్డ్ ఆస్టిన్ తీర్పు చెబుతూ, ఆ ఇళ్లలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు నల్లజాతి పేటల్లోనే కట్టారని నిర్ధారించాడు. ఇకపై తెల్లవారి ప్రాంతాల్లో కట్టాలని ఆదేశించాడు. సంస్థ ఆ పని చేయడానికి బదులు కొత్త ఇళ్లు కట్టడమే దాదాపుగా మానేసింది.

రాబర్ట్ టేలర్ భవనాల పక్కనే పద్నాలుగు వరసల డాన్ ర్యాన్ ఎక్స్‌ప్రెస్‌వే పోయేది. తెల్లవారి పేటలకు, నల్లజాతి పేటలకు పాత హద్దుగా ఉన్న వెంట్‌వర్త్ వీధిని ఆనుకునే దాని దారి. ఇందులో ఉద్దేశం ఎంత అన్నదాని మీద చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. ఫలితం మీద వాదం లేదు. మనుషులు నడిచి దాటగలిగిన హద్దు కాంక్రీటు కందకమైంది.

తెల్లవారి పేటలకు కూడా ఈ అధికారం కొన్నిసార్లు ఎదురు తిరిగింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి నగరంలో ప్రాంగణం కావాలని డేలీ పంతం పట్టి సాధించాడు. అది 1965లో తెరుచుకుంది. వేల మంది మామూలు ఇళ్ల పిల్లలకు ఇంటి దగ్గరే చదువు దొరికింది. దానికోసం హారిసన్, హాల్‌స్టెడ్ వీధుల దగ్గరి ఇటాలియన్, గ్రీకు కుటుంబాల పేటను నేలమట్టం చేశారు. జేన్ ఆడమ్స్ వలసవచ్చిన పేదల కోసం నడిపిన ప్రసిద్ధ హల్ హౌస్ భవనాల్లో రెండే మిగిలాయి. ఫ్లోరెన్స్ స్కాలా నాయకత్వంలో ఆ పేట గృహిణులు మేయర్ కార్యాలయంలో బైఠాయించారు, సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, ఓడిపోయారు. ఆ ఆడవారు డేలీ పార్టీకి ఓటేసినవారే.

బడుల విషయంలో అన్యాయం మరీ బాహాటం. నల్లజాతి పేటల్లో పిల్లలు పట్టక బడులు రెండు పూటలుగా నడుస్తుంటే, పక్కనే తెల్లవారి పేటల్లో గదులు ఖాళీగా ఉండేవి. పిల్లలను అక్కడికి పంపకుండా ఆవరణల్లో రేకుల గదులు దించారు. 1963 అక్టోబర్ 22న రెండు లక్షలకు పైగా పిల్లలు బడికి వెళ్లకుండా నిరసన తెలిపారు. 1965లో కేంద్ర విద్యాశాఖ వివక్ష కారణంగా షికాగోకు రావాల్సిన మూడు కోట్ల డాలర్లు ఆపింది. డేలీ నేరుగా అధ్యక్షుడు జాన్సన్‌కు చెప్పాడు. కొద్ది రోజుల్లోనే ఆ నిర్ణయం వెనక్కి పోయింది. వాషింగ్టన్‌లో అతనికి ఉన్న పలుకుబడి ఎంతటిదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ పలుకుబడిని ఇక్కడ ఎవరికి వ్యతిరేకంగా వాడాడో కూడా తెలుస్తుంది.

ఆశ్చర్యమేమిటంటే డేలీని నిలబెట్టింది నల్లజాతి ఓట్లే. 1963 ఎన్నికలో తెల్లవారి ఓట్లు చాలా భాగం ప్రత్యర్థికి పోగా, కాంగ్రెస్ సభ్యుడు విలియం డాసన్ అధీనంలోని దక్షిణ వార్డులు అతన్ని గట్టెక్కించాయి. ఆ ఎన్నిక నుంచి డేలీ నేర్చుకున్నది, నల్లజాతి ఓటు ఎటూ తనదే కాబట్టి తెల్లవారి భయాన్ని కాపాడుకోవాలని. కౌన్సిల్‌లోని ఆరుగురు నల్లజాతి ఆల్డర్‌మెన్ ఇళ్ల గురించీ, బడుల గురించీ నోరు విప్పేవారు కాదు.

1966 జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ ఇళ్ల విషయంలోని వివక్ష మీద పోరాడడానికి వచ్చి, పశ్చిమ షికాగోలోని ఒక పాత ఇంట్లో అద్దెకు దిగాడు. దక్షిణాదిలో అతన్ని ఎదుర్కొన్న అధికారులు కుక్కలను ఉసిగొల్పారు, నీటి గొట్టాలు పెట్టారు. డేలీ ఆ పొరపాటు చేయలేదు. కింగ్‌ను మర్యాదగా ఆహ్వానించి, సమస్య ఉందని ఒప్పుకుని, నగరం ఇప్పటికే చేస్తున్న పనుల జాబితా చదివాడు. జూలై ఎండల్లో పిల్లలు వీధి నీటి కుళాయిలు తెరిచి ఆడుకుంటుంటే పోలీసులు మూయడంతో గొడవలు లేచాయి. మేయరు కుళాయిలకు జల్లులు బిగించాలనీ, ఆ వాడలకు ఈత తొట్లు పంపాలనీ ఆదేశించాడు. అడిగింది ఇళ్లు, అందింది నీళ్లు. ఆగస్టు 5న మార్క్వెట్ పార్కు దగ్గర ఊరేగింపులో రాయి తగిలి కింగ్ మోకాళ్ల మీద ఒరిగాడు. మిసిసిపి, అలబామాల్లో కూడా ఇంత ద్వేషం చూడలేదని అన్నాడు. ఆగస్టు 26న పామర్ హౌస్ హోటల్లో ఇళ్ల వివక్ష మీద ఒప్పందం కుదిరింది. అందులో గడువు లేదు, అమలు చేయించే యంత్రాంగం లేదు. మరుసటి ఏడాది డేలీ నూటికి 73 ఓట్లతో గెలిచాడు.

1968 ఏప్రిల్‌లో కింగ్ హత్య జరిగాక వెస్ట్ మాడిసన్ వీధి తగలబడింది. కనీసం తొమ్మిది మంది చనిపోయారు, వందల మంది నిలువ నీడ కోల్పోయారు. ఏప్రిల్ 15న డేలీ విలేకరుల ముందు, నిప్పు పెట్టేవారిని చంపడానికి, దోచేవారిని గాయపరచడానికి కాల్చమని ఉత్తర్వులిచ్చానని చెప్పాడు. గగ్గోలు లేచాక రెండు రోజులకు మెత్తబడ్డాడు. పోలీసులకు అందాల్సిన సందేశం అప్పటికే అందింది. ఆగస్టులో డెమోక్రటిక్ మహాసభలు జరిగినప్పుడు వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించే యువతకు రాత్రిళ్లు పార్కుల్లో ఉండడానికి నగరం అనుమతి నిరాకరించింది. 28వ తేదీ రాత్రి హిల్టన్ హోటల్ ముందు టీవీ కెమెరాల ఎదుటే పోలీసులు నిరసనకారులనూ, విలేకరులనూ, దారిన పోయేవారినీ చితకబాదారు. సభలో సెనేటర్ రిబికాఫ్ వేదిక మీద నుంచే ఆ తీరును నాజీల రహస్య పోలీసులతో పోల్చాడు. కింద కూర్చున్న డేలీ కేకలేయడం దేశమంతా చూసింది. ఆ ఘటనల మీద విచారణ జరిపి ఆ డిసెంబర్‌లో వెలువరించిన వాకర్ నివేదిక అల్లర్లు చేసింది పోలీసులేనని తేల్చింది. అయినా అప్పటి అభిప్రాయ సేకరణల్లో అమెరికన్లలో ఎక్కువమంది డేలీనే సమర్థించారు. అతను జనాభిప్రాయాన్ని ధిక్కరించి అణచివేయలేదు. జనాభిప్రాయం ఎటుందో చూసుకునే అణచివేశాడు.

1969 డిసెంబర్ 4 తెల్లవారుజామున, డేలీ పార్టీవాడైన కౌంటీ ప్రాసిక్యూటర్ ఎడ్వర్డ్ హన్రహాన్ పంపిన పోలీసులు దాడి చేసి నల్లజాతి ఉద్యమ సంస్థ బ్లాక్ పాంథర్ యువ నాయకుడు ఫ్రెడ్ హాంప్టన్‌ను, అతని సహచరుడు మార్క్ క్లార్క్‌ను కాల్చి చంపారు. 1972లో నల్లజాతి వార్డులు మొదటిసారి పార్టీ మాట కాదని హన్రహాన్‌ను ఓడించాయి. డాసన్ వారసుడుగా కాంగ్రెస్‌కు వెళ్లిన రాల్ఫ్ మెట్‌కాఫ్ పోలీసు దౌర్జన్యం మీద డేలీతో తెగతెంపులు చేసుకున్నాడు. అదే ఏడాది మయామీలో జరిగిన డెమోక్రటిక్ మహాసభలో డేలీ వర్గపు 59 మంది ప్రతినిధులను కూర్చోనివ్వలేదు. 1974లో అతని కుడిభుజం, ఆల్డర్‌మన్ థామస్ కీన్ మోసం కేసులో జైలు శిక్షకు గురయ్యాడు. పత్రికా కార్యదర్శి ఎర్ల్ బుష్ కూడా దోషిగా తేలాడు. నగర బీమా వ్యాపారం తన కొడుకు పనిచేసే సంస్థకు మళ్లిందని బయటపడినప్పుడు, తండ్రి కొడుక్కి సాయపడడంలో తప్పేముందన్నట్టే డేలీ మాట్లాడాడు.

డేలీ తరఫున వాదించేవారు రెండు మాటలు చెబుతారు. ఆ రోజుల్లో ఏ పెద్ద నగరపు మేయరూ జాతి సమస్యను పరిష్కరించలేదన్నది మొదటిది. ఇళ్లను తెల్లవారి పేటల్లో కట్టి ఉంటే వారంతా శివార్లకు వెళ్లిపోయేవారన్నది రెండోది. రెండోదానికి జనాభా లెక్కలే సమాధానం. 1950లో 36 లక్షలున్న నగర జనాభా 1970కి 33.7 లక్షలకు, 1980కి 30 లక్షలకు తగ్గింది. గీత చెరపకపోయినా తెల్లవారు వెళ్లిపోయారు. మొదటి వాదన ఇతర మేయర్లకు వర్తించినంతగా డేలీకి వర్తించదు. న్యూయార్క్ మేయర్ లిండ్సేకు కౌన్సిల్‌తో, సంఘాలతో, గవర్నర్‌తో తగాదాలే. డేలీకి ఎదురు చెప్పేవారు లేరు. యాభై మంది ఆల్డర్‌మెన్‌లో అత్యధికులు చెయ్యెత్తమంటే ఎత్తేవారు, అధ్యక్షుడు ఫోన్ ఎత్తేవాడు, బ్యాంకులు, కార్మిక సంఘాలు పిలిస్తే పలికేవి. విమానాశ్రయం కోసం, విశ్వవిద్యాలయం కోసం అంతటి బలాన్నీ ఒడ్డాడు. ఇళ్ల కోసం, బడుల కోసం ఒడ్డలేదు. చేయలేకపోయాడని కాక, చేయదలచలేదనే అతని మీద తీర్పు చెప్పాల్సి ఉంటుంది. అతన్ని దక్షులైన మేయర్లలో ఒకడిగా లెక్కించేవారు ఈ మాట కూడా పక్కనే రాయాలి.

అతను కట్టిన యంత్రాంగం అతని తర్వాత ఎక్కువ కాలం నిలవలేదు. 1979 జనవరి మంచు తుఫానులో వీధులు శుభ్రం చేయించలేక వారసుడు మైకేల్ బిలాండిక్ ఓడిపోయాడు. 1983లో హెరాల్డ్ వాషింగ్టన్ షికాగో తొలి నల్లజాతి మేయరుగా గెలిచాడు. అతని తండ్రి డెమోక్రటిక్ పార్టీ కెప్టెన్‌గా పనిచేసినవాడు. వాషింగ్టన్ కూడా మెట్‌కాఫ్ వార్డులో ఆ యంత్రాంగంలోనే రాజకీయం నేర్చుకున్నాడు. రాజకీయ కారణాలతో నగర ఉద్యోగులను తొలగించకూడదని షాక్‌మన్ కేసులో 1972లోనే ఉత్తర్వు వచ్చింది. నియామకాల్లో కూడా పార్టీ ప్రమేయం ఉండకూడదన్న షరతుకు వాషింగ్టన్ ప్రభుత్వం 1983లో ఒప్పుకుంది. డేలీ కొడుకు రిచర్డ్ ఎం. డేలీ 1989 నుంచి 2011 వరకు మేయరుగా ఉన్నాడు. రాబర్ట్ టేలర్ గృహాల కూల్చివేత అతని హయాంలోనే సాగింది. చివరి భవనం 2007లో నేలకూలింది.